గట్టు మీద మూడు పడవలు

అప్పా,

ముందు నీ చెల్లెలి రాతని క్షమించు. ఒత్తులు పడాల్సిన చోట పడవు, అక్కర్లేని చోట దీర్ఘాలు తీస్తాను. నాలుగేళ్ల చదువు అంతకంటే ఏం ఇస్తుంది? అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి కూడా. అందులో సగం తప్పు నాది, సగం ఈ తెప్పది. ఎందుకో చివర చెబుతాను.

అత్తవారి తెప్పల వరసలో చేత్తో ఎవరూ రాయరు. ఏం కావాలన్నా విడమరికి చెబితే అదే రాసి పంపుతుంది. మన పుట్టింటి తెప్పలో అది లేదు కాబట్టి నీకు చెప్పాలి. గోడకి బిగించిన కొబ్బరి చిప్పంత పెట్టె. వరసంతటికీ బుర్ర ఒక్కటే, నోళ్లు మాత్రం ఒక్కో వంటగదిలో ఒక్కోటి. ఏది అడిగినా విడమరిచి చెబుతుంది. నేను దానికి చెప్పిన మాట ఇంకెవరు అడిగినా వాళ్లకీ విడమరిచి చెబుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. రోజూ కాసిన్ని మాటలు పిండిసంచి కాగితాల మీద రాసి బియ్యం డబ్బాలో దాచాను. వాటినే వరసగా కుట్టి పంపుతున్నాను.

పోరుకి పన్నెండు రోజులు

పొద్దున్నే మంచుగుడ్డలు పిండాను. కుండన్నర నీళ్లు దిగాయి. తోటకూర తట్టలకి అర కుండ పోసి, పైకప్పు మీద ఎండగుడ్డ పరిచాను. ఆ గుడ్డకి ఎండ తగలకపోతే విడమరి మధ్యాహ్నానికే ఆవులిస్తున్నట్టు సాగదీసి మాట్లాడుతుంది.

మా అత్త ఎర్రయ్యమ్మ పులుసు నోట్లో వేసుకుని గోడవైపు తిరిగింది.

"ఏమే విడమరీ, ఈయేల పులుసులో ఉప్పెక్కువైంది కదా?"

"అవునండి, కాస్త ఎక్కువైనట్టే ఉంది" అంది అది.

దానికి నాలుక లేదప్పా! నేను తల దించుకుని పులుసులో నీళ్లు కలిపాను.

తర్వాత అత్త నన్ను కూర్చోబెట్టి, ఈ ఏడు చట్టం మోసేది నేనేనని చెప్పింది. మా తూర్పు వరసకీ, అవతల పడమటి వరసకీ ఏటా బల్లపోరు జరుగుతుంది. నీళ్లలోంచి పైకి లేచిన పాత వంతెన ముక్క ఒకటుంది. గాలినెలల్లో దాని చాటున కట్టుకున్న తెప్పలకి అల తగలదు. చాటు ఒక్క వరసకే సరిపోతుంది. పోరులో గెలిచినవాళ్లు చాటున, ఓడినవాళ్లు బైట. మేం పోయినేడు ఓడాం. మా ఆయన నాయనమ్మ సూరమ్మ, మామ్మ అంటాం, ఓ అల దెబ్బకి మంచం మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ ఆ చేత్తో ముద్ద ఎత్తలేదు.

"ఇంకో ఏడు బైట కడితే నన్ను మంచానికేసి కట్టీండర్రా" అని మామ్మ నవ్వుతూనే అంటుంది. అత్త మాత్రం నవ్వదు.

వరసలో చిన్న కోడలు చట్టం పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని బల్ల దగ్గరికి మోసుకెళ్లాలి. పోరు అయ్యేవరకూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. నోరెత్తకూడదు. నోరెత్తకపోవడం నాకు కొత్తగా నేర్పక్కర్లేదు. పుస్తకం ఎర్రగుడ్డలో, ఏడు ముళ్లతో దూలానికి వేలాడుతూ ఉంటుంది. పండగలకి పసుపు రాస్తారు, విప్పరు.

"ఇప్పినావంటే వరసంతా ఊడిపోతాది. జాగర్త గుంటా" అంది అత్త.

పోరుకి పదకొండు రోజులు

ఈ ఏడు బల్ల ముందు కూర్చునేది మా ఆయనే. ఆయన కంటికొలత మంచిదని అందరూ ఒప్పుకున్నారు. పెళ్లయి మూడు నెలలైనా మేం ఇద్దరం గట్టిగా పది మాటలు మాట్లాడుకోలేదు. ఆయనకీ నాలాగే సిగ్గు. అన్నం కావాలంటే విడమరిని అడుగుతాడు, "ఇంట్లో అన్నం ఉందా" అని. నేను దాని మాట విని వడ్డిస్తాను.

బొమ్మలు తోమడం నా పని. నత్తగుల్లలు కాలిదండు, గవ్వలు గుర్రపుదండు, తాటిటెంక ముక్కలు ఫిరంగులు, చేపముల్లు తెరచాప గుచ్చిన చెక్కలు పడవలు. బల్ల అంటే మునిగిన ఏదో ఇంటి తలుపు. దాని మీద నీళ్ల కింద ఉన్న పాత నేలంతా గీసి ఉంటుంది. తొమ్మిది ఊళ్లు, ఒక కాలవ, ఒక రైలుకట్ట, కాలవ పక్కన పొడుగ్గా ఒక గట్టు. సాయంత్రానికి ఎవరి చేతిలో ఎక్కువ ఊళ్లుంటే వాళ్లు గెలిచినట్టు.

తోముతూ నెమ్మదిగా విడమరిని అడిగాను, ఇదంతా ఏమిటని. ఎంత ఓపికో దానికి! "మీ దగ్గర పెసలున్నాయా? గుప్పెడు నేల మీద పోయండి. చింతగింజలు ఐదు పక్కన పెట్టండి. పెసలు నడిచేవాళ్లు, చింతగింజలు గుర్రాలు అనుకుందాం" అంది. కాలిదండు ఒక విడతకి జానెడు నడుస్తుంది, గుర్రం రెండు జానలు. ఎదుటి దండుని లేపెయ్యాలంటే పాచిక నాలుగు దాటాలి, రైలుకట్ట వెనక దాక్కున్నవాళ్ల మీదైతే ఐదు దాటాలి. వెల్లుల్లి రెబ్బని ఫిరంగి చేసి రెండు పెసర దండుల్ని లేపేశాను. నాలో ఇంత రాక్షసి ఉందని నాకే తెలియదు.

అత్త వచ్చి చూసి, "పెసల్లో రాళ్లు ఏరతన్నావేటి? మంచిది" అని వెళ్లింది. ఆ వెల్లుల్లి ఫిరంగిని సాయంత్రం పోపులో వేశాను.

పోరుకి తొమ్మిది రోజులు

మా ఆయన బల్ల ముందు చేతులు రుద్దుకుంటూ విడమరిని అడగడం వంటగదిలోంచి విన్నాను.

"కాలవ చుట్టూ తిరిగెల్తే నాలుగు విడతలు పడతాది. అదే పోటు మీదున్నప్పుడు గట్టు మీంచి పడవలు అటుపక్కకి దాటించీవచ్చు కదా?"

"చక్కటి ఆలోచన! దాటించవచ్చు. పోటు సమయంలో పడవలు గట్టు దాటి ఒక విడతలోనే అవతలి ఊళ్లను చేరతాయి."

ఆయన ముఖం వెలిగిపోయిందప్పా. మూడు పడవలు ఒకేసారి గట్టు దాటి, పడమటి వరసవాళ్ల వెనకున్న రెండు ఊళ్లు పట్టేయడం. అదే ఆయన ఎత్తు మొత్తం. వరసలో మగవాళ్లంతా వచ్చి విన్నారు, వీపు తట్టారు.

మామ్మకి గంజి పట్టిస్తూ ఈ సంగతి చెప్పాను. నవ్వుకి మామ్మ నోట్లోంచి గంజి బైటికొచ్చేసింది.

"గట్టు మీద పడవేటే? గట్టు మీద మేక నడుస్తాది."

"మీరు చూశారా మామ్మా?"

"సూడ్డమేటి! నా చిన్నతనంలో మా అయ్య ఎనకాల గట్టు మీద నడిసినాను. ఇటు నీళ్లు, అటు వరిసేను. నీళ్లు ఇటు రాకండా అడ్డంగా పోసిన మట్టి అది. దాని మీద పడవ ఎక్కిస్తే దిగదు, కూకుంటాది."

మా వరసలో మామ్మ తప్ప నేల మీద నడిచినవాళ్లు ఎవరూ లేరు. మాకు గట్టంటే బల్ల మీద గోధుమరంగు గీత. నీళ్లలో గీత ఉంటే పడవ దాటుతుందనే అనుకుంటాం కదా, నేనూ అలాగే అనుకున్నాను.

పోరుకి ఎనిమిది రోజులు

ఈరోజు కట్టె పొయ్యి ఊదుతూ విడమరికి పరీక్ష పెట్టాను. ముందు మా ఆయన అడిగినట్టే అడిగాను. దాటవచ్చంది. తర్వాత గొంతు కాస్త బింకంగా పెట్టి, "పడవలు గట్టు దాటడమేంటి, దాటకూడదు కదా?" అన్నాను.

"చాలా బాగా గమనించారు. దాటకూడదు" అంది.

నాకు కోపం రాలేదు. మన చిన్నాన్న కూడా అంతే కదా, ఎవరు ఏది అంటే దానికి తలూపుతాడు.

"ఒకటే నోటితో రెండూ అన్నావే. ఇది ఏ పేజీలో ఉంది?" అని అడిగాను.

 అప్పుడు అది అంది: "మీ చట్టం పుస్తకాన్ని నేనెప్పుడూ చదవలేదు. నాకెవరూ చూపించలేదు. వేరే రేవుల్లో ఆడే ఆటల పుస్తకాలు చదివాను. వాటిని కలిపి చెప్పాను. చదవలేదని ముందే చెప్పాల్సింది. తప్పు నాది."

"మరి మా ఆయనకి చక్కటి ఆలోచన అన్నావు?"

"ఆయన జవాబు పెట్టుకునే అడిగారు. నేను దాన్నే తిరిగి ఇచ్చాను."

పుస్తకం మా నెత్తి మీదే, దూలానికి వేలాడుతోంది. పసుపు రాస్తున్నాం, దండ వేస్తున్నాం. లోపల ఏముందో చదివినవాళ్లు లేరు.

పోరుకి ఆరు రోజులు

అప్పా, నేను విప్పాను.

అత్త ఎండుచేపల సంతకి పడవ ఎక్కింది. మా ఆయన బల్ల దగ్గర. మామ్మ కునుకు తీస్తోంది. పీట ఎక్కి మూట దించాను. ఏడు ముళ్లలో ఆరు మామూలువే. మూడోది మాత్రం ఎంతకీ రాలేదు. తిరగేసి ఎడం చేత్తో లాగితే జారింది.

వరస ఊడిపోలేదు. తుమ్ము మాత్రం వచ్చింది.

అట్ట తెరవగానే లోపలి వైపు ఏముందనుకున్నావు? రకరకాల చేతిరాతలు! మొదటిది సిరా వెలిసిపోయి ఉంది: "మూడో ముడి ఎడమచేతిది. తిరిగి అలాగే వెయ్యి." దాని కింద ఇంకొకరు: "నేను కూడా చూశాను. ఎవరికీ చెప్పకు." ఇంకొకరు ఎండిన పువ్వు అంటించారు. ఒకామె తన అత్త మీద నాలుగు మాటలు రాసింది, అవి నీకు రాయలేను. అన్నిటికంటే కింద, కాస్త కొత్త సిరాతో: "ఇందులో ఏమీ లేదు. అంతా యుద్ధాలే. నేను విప్పలేదు." ఆ మాట పక్కన మూడు రెక్కల చేప బొమ్మ.

మూడు రెక్కల చేప మా అత్త గుర్తు. పచ్చడి జాడీలన్నిటి మీదా అదే గీస్తుంది.

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు.

పోరుకి ఐదు రోజులు

పాతకాలం మాటలు. ఒక్కో వాక్యం కూడబలుక్కుని చదవాలి. అర్థం కానివి విడమరిని అడిగాను. పేజీ అంకె చెప్పి, ఉన్నది ఉన్నట్టు చదివి, "దీని అర్థం ఏమిటి?" అని మాత్రమే అడిగాను.

"ఇది ఏ పుస్తకంలోది?" అంది.

"అడక్కు."

"అడగను. కానీ నన్ను ఎవరైనా అడిగితే ఉన్నదే చెబుతాను."

"ఎవరూ అడక్కుండా ఉంటే?"

"ఎవరూ అడక్కపోతే పులుసు సంగతి కూడా నేనే మొదలుపెట్టను."

అచ్చమైన వాక్యం చేతికిస్తే అది ఎంత బాగా చెబుతుందో! పెసలు పోయించి, వేలితో గీత గీయించి, ఒక్కో మాటా విడదీసి చూపించింది. మామ్మ చెప్పిందే నిజం. పడవ గట్టు దాటదు. ఎక్కిస్తే అక్కడే చిక్కుపడుతుంది.

చివరి పేజీల్లో ఇంకో రెండు సంగతులు దొరికాయి. ఒకటి, మాట తేడా వస్తే పుస్తకం మోసిన కోడలే విప్పి చదవాలట, ఆమె చదివిందే చట్టమట. ఆ వాక్యం పక్కన ఎవరో పసుపు బొటనవేలు అద్దారు. చిన్న వేలు, చివర మచ్చ. మామ్మ బొటనవేలి మీద అదే మచ్చ ఉంది. చదువు రాకపోయినా ఎవరిచేతో చదివించుకుని ఉంటుంది.

రెండోది నమ్మలేక మళ్లీ మొదటినుంచి చదివాను. ఓడిన వరసలో ముసలివాళ్లని, పసిపిల్లల్ని, నిండు చూలాళ్లని, పాలిచ్చే మేకల్ని గెలిచినవాళ్లు గాలినెలలు అయ్యేవరకూ తమ చాటున ఉంచుకోవాలి. ఇన్నేళ్లుగా ఆ మాట ఈ మూటలో పడుకుని ఉంది. అది తెలిసుంటే పోయినేడు మామ్మ మణికట్టు విరిగేది కాదు.

పోరుకి మూడు రోజులు

మా ఆయనకి చెప్పడానికి ప్రయత్నించాను. పుస్తకం విప్పానని చెప్పే ధైర్యం లేక మామ్మ పేరు వాడుకున్నాను.

"మావా, గట్టు మీద మేకలు నడుస్తాయట. మామ్మ అంది."

ఆయన నా వైపు చూడకుండా బొమ్మలు సర్దుతూ, "అది పాతకాలం గట్టు. ఇది బల్ల గట్టు" అన్నాడు. మళ్లీ గోడవైపు తిరిగి, "విడమరీ, పడవలు దాటొచ్చు కదా?" అన్నాడు.

విడమరి, నా బంగారం, ఈసారి తలూపలేదు. "ఇంతకుముందు పొరపాటు చెప్పాను. మీ పుస్తకంలో ఎలా ఉందో పేజీ చూసి చెప్పుకోవడం మంచిది" అంది.

"నిన్నటిదాకా అవునన్నావు, ఈయేల కాదంటావు. ఎండ తగల్లేదేటి నీకు?"

ఆయన పైకెక్కి ఎండగుడ్డ దులిపి వచ్చాడు. నేను ఎదురుగా నిలబడి ఇంకో మాట అనబోయి మానేసి చేపలు కడగడానికి వెళ్లిపోయాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

పోరుకి ఒక రోజు

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. మామ్మ మంచం కోళ్లకి తాడు చుట్టి చూసింది అత్త, సరిపోతుందో లేదో అని. నేను చూశానని తెలిసి తాడు దాచేసింది.

పోరు రోజు

రెండు వరసల మధ్య పెద్ద తెప్ప మీద బల్ల పెట్టారు. మామ్మని మంచంతోనే మోసుకొచ్చారు. రెండు విడమరి పెట్టెల్నీ కోళ్లని కమ్మినట్టు గంపల కింద పెట్టారు, తగువొస్తేనే గంప ఎత్తాలి. నేను నెత్తిన మూటతో నడిచి బల్ల పక్కన కూర్చున్నాను. అన్ని కళ్లు నా మీద పడితే నేను మూట ముళ్లు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

అవతల, పడమటి వరస తరఫున కూర్చున్నది కామునాయుడు. మీసం ఉంది, దాన్ని ఊరికే ఉండనివ్వడు. పక్కనే ఆయన భార్య గౌరమ్మ విసనకర్రతో.

మధ్యాహ్నానికి వాళ్లకి ఐదు ఊళ్లు, మాకు నాలుగు. మా ఆయన ఒక్కసారి ఊపిరి పీల్చి, పోటు విడత అని చెప్పి, మూడు పడవల్నీ గట్టు మీదికి జరిపాడు. మావాళ్లంతా ఈలలు వేశారు.

"ఆగు! పడవలు గట్టెలా దాటతాయి?" అన్నాడు కామునాయుడు.

"ఎందుకు దాటవు? మా ఇడమరి సెప్పింది."

"మా ఇడమరిని అడుగుదాం. గంపెత్తండ్రా. ఏటే, గట్టు మీంచి పడవలు దాటకూడదు కదా?"

"అవునండి, దాటకూడదు" అంది వాళ్ల పెట్టె.

మావాళ్లూ గంపెత్తి అడిగారు. మాది, "పేజీ చూసి చెప్పుకోవడం మంచిదండి" అంది. మావాళ్లు దాన్ని పిరికిదని తిట్టి మళ్లీ గంప కమ్మేశారు. ఇక అరుపులు! ఒకడు పాచికలు వేసి తేల్చుకుందామంటాడు, ఒకడు ఈత పందెం అంటాడు. ఎవరో కాలు తగిలి ఒక ఫిరంగి నీళ్లలో పడింది.

నా ఒళ్లో మూట బరువుగా ఉంది. ఎదురుగా మామ్మ తన బొటనవేలు పైకెత్తి నాకు చూపించింది. నవ్వింది. ఈ ముసలామెకి నేను విప్పానని ఎప్పుడు తెలిసిందో! పక్కకి చూస్తే అత్త నన్నే చూస్తోంది.

"పుస్తకం ఉంది కదర్రా. కోడలి సేత సదివించండి" అంది అత్త.



"ఇప్పితే వరస ఊడిపోద్దని నువ్వే అన్నావు కదే ఎర్రయ్యమ్మా!" అన్నారెవరో.

అత్త నా వైపు తిరిగింది. నాతోనే అంది, "కానియ్యి గుంటా. మూడో ముడి ఎడం సేత్తో లాగు."

అది ఆమెకి ఎలా తెలుసని ఆ గందరగోళంలో ఎవరూ అడగలేదు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వేసేదాన్ని.

పేజీ నాకు తెలుసు. వెతుకుతున్నట్టు నటించాను. దొరికాక ఆ వాక్యం కింద వేలు పెట్టాను. ఒక్కసారి అనిపించింది అప్పా, నీతో దాపరికం ఎందుకు, 'దాటవచ్చు' అని చదివేస్తే ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ కాగితం చదవగలిగేవాళ్లు అత్త తప్ప ఇంకెవరున్నారు, ఆమె చదివానని చెప్పుకోలేదు కదా? మూడు పడవలు దాటితే వంతెన చాటు మాది, మామ్మ మంచానికి తాడు అక్కర్లేదు. మా ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు, మూడు నెలల్లో మొదటిసారి.

కానీ ముసలివాళ్ల సంగతి ఉన్న పేజీ కూడా ఇందులోనే ఉంది. ఇక్కడ ఒక అబద్ధం చదివితే, ఏ ఏడైనా ఏ కోడలైనా అక్కడ నిజం చదివితే ఎవరు నమ్ముతారు?

చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"పడవ నీటి మీదనే నడచును. గట్టును దాటదు. గట్టు మీదికి ఎక్కించిన పడవ అచ్చటనే చిక్కుపడి, పోరు ముగియువరకు కదలదు."

కామునాయుడు మీసం దువ్వాడు. మా ఆయన చేయి పడవల మీంచి వెనక్కి వచ్చింది. మావాళ్లలో ఒకడు, "సొంత మొగుడి కొంప ముంచీసింది" అన్నాడు. మా ఆయన అతని వైపు తిరిగి, "ఉన్నది సదివింది. కూకో" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి నా జీవితమంతా చేపలు ముల్లు తీసి పెడతాను.

సాయంత్రం వరకూ ఆ మూడు పడవలూ గట్టు మీదే కూర్చున్నాయి, మామ్మ చెప్పినట్టే. ఐదు ఊళ్లు వాళ్లవి, నాలుగు మావి. ఓడాం.

వాళ్లు ఈలలు వేస్తుంటే నేను పుస్తకం మూయలేదు. ఎవరూ అడక్కుండానే, లేచి నిలబడి, చివరి పేజీ చదివాను.  ముసలివాళ్లు, పసిపిల్లలు, చూలాళ్లు, పాలిచ్చే మేకలు అన్నీ చదివాను. "తమవారితో సమముగా చూడవలెను" అన్న మాట రెండుసార్లు చదివాను. పుస్తకంలో ఒకేసారి ఉంది.

"అదెక్కడిది? ఇన్నేళ్లు ఎవరూ సెప్పలేదు!" అన్నాడు కామునాయుడు. తన పెట్టె వైపు వంగి, "అలాటిదేమీ లేదు కదా?" అన్నాడు.

"అవునండి, అలాంటిదేమీ లేదు" అంది అది.

గౌరమ్మ విసనకర్రతో ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "ఇందాక ఆ గుంట సదివిందే ఒప్పుకొని గెలిసినావు. ఇప్పుడు ఒప్పుకోపోతే ఆ గెలుపూ ఒగ్గీ. సొంత మొగుడి పడవల్ని ఆపీసిన పిల్ల నీకోసం అబద్దం సదువుతాదేటి?"

కామునాయుడు మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

పోరు తర్వాత ఏడో రోజు

ఇప్పుడు మేం బైట ఉన్నాం. అక్షరాలు ఎందుకు ఒరిగాయో తెలిసిందా? ఒక్కో అలకి సిరా డబ్బా నా ఒళ్లోకి వస్తోంది. ముందు రోజుల కాగితాలు కూడా తడిసిపోతే ఇక్కడే కూర్చుని మళ్లీ ఎత్తి రాశాను. తోటకూర తట్టల్లో రెండు ఉప్పునీటికి పోయాయి. మిగతావి దూలానికి కట్టాను, పుస్తకం వేలాడిన చోట.

మామ్మ, నాలుగిళ్ల పసిపిల్లలు, మా మేక వంతెన చాటున గౌరమ్మ తెప్ప మీద ఉన్నారు. నిన్న గౌరమ్మ పడవేసుకుని వచ్చి అత్తతో మొరపెట్టుకుంది. మామ్మ పొద్దున్న లేస్తూనే వాళ్ల విడమరిని "పులుసు బావోలేదు కదా?" అని అడుగుతుందట, అది అవునంటుందట. "మీ ముసల్దాన్ని ఎనక్కి తీసుకోండి" అంది గౌరమ్మ.

"తమవారితో సమముగా సూడాల" అంది అత్త, చేప తోముతూ.

నేను ఆ పేజీలు మొదటిసారి చూస్తూనే తడుముకోకుండా చదివేశానని, పుస్తకమే నా నోట పలికిందని వరసలో ఆడవాళ్లు అనుకుంటున్నారు. ఇద్దరు వచ్చి నా కాళ్లకి పసుపు రాశారు. అత్త ఆ పసుపు వంక చూసి, నా వంక చూసి, పొయ్యి దగ్గరికి వెళ్లింది. సాయంత్రం పులుసు రుచి చూసి, గోడవైపు తిరక్కుండా, "ఉప్పు సరిపోయింది" అంది.

మా ఆయన ఈ పొద్దున గోడ ముందు నిలబడ్డాడు. "విడమరీ, నా పెళ్లానికి నా మీద కోపం లేదు క…" అని ఆగి, గొంతు సవరించుకుని, "నా పెళ్లానికి నా మీద కోపం ఉందేటి?" అన్నాడు.

"ఆమె మీ వెనకే ఉన్నారు. ఆమెనే అడగండి" అంది విడమరి.

ఆయన తిరిగాడు. అడిగాడు. ఏం చెప్పానో నీకు రాయను.

మూట కట్టేముందు అట్ట లోపల, చేప గుర్తు కింద, నేనూ ఒక ముక్క రాశాను. వచ్చే ఏటి చిన్న కోడలికి: "జవాబు నీ దగ్గర పెట్టుకుని అడగకు. ఏ పేజీలో ఉందో అడుగు. మూడో ముడి గురించి మీ అత్తకి తెలుసు."

అప్పా, ఇది చదవగానే పొయ్యిలో పెట్టు. నేను ముందే విప్పానని, అత్త అంతకు ముందే విప్పిందని తెలిస్తే నా కాళ్ల పసుపూ, అత్త పరువూ పోతాయి. దాచుకుంటానని మాత్రం అనకు, నీ దాపరికాలు నాకు తెలుసు, చిన్నప్పుడు నా రిబ్బను కూడా అలాగే దాచి వారంలో అందరికీ చూపించావు. కాగితం తడిగా ఉంది, పొగ వస్తుంది, కళ్లు మండినా ఊదు. పైన ఓ చేప పెట్టావంటే, ఎవరైనా అడిగితే చేప కాలుస్తున్నానని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

నీ చెల్లెలు
తవిటమ్మ